శవం నవ్విన షాటు

యూసుఫ్‌గూడలో తన వాటా ముందు షూటింగు వ్యాను వచ్చి ఆగితే కాశీవిశ్వనాథం వెంటనే ఎక్కేవాడు కాదు. కిటికీ దగ్గరకు వెళ్ళి లోపల ఎవరెవరున్నారో తొంగి చూసేవాడు. అప్పటికే జనం కూర్చుని ఉంటే ముఖం విప్పారేది, ఎందుకంటే పెద్ద నటుల్ని ఆఖర్న ఎక్కించుకోవడం కంపెనీల మర్యాద. వ్యాను ఖాళీగా ఉందంటే ఆ రోజుకి అంతే సంగతులు. "నన్నే ముందు ఎక్కించమని నీకు చెప్పిందెవరయ్యా?" అని డ్రైవరును నిలదీసేవాడు. మీ ఇల్లే దగ్గరండీ మహానుభావా అని ఆ డ్రైవరు మొత్తుకున్నా చెవికెక్కేది కాదు. ఎవడో చెప్పే ఉంటాడు, వాడెవడన్నదే ఆయన బెంగ.

మధ్యాహ్నం భోజనాల దగ్గరా ఇదే వరస. కారియర్ గిన్నెలు విప్పి, ముందు పక్కవాడి గిన్నెలోకి ఒక చూపు విసిరి, తర్వాత తన గారె తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాడు. "చూశావా, నాకు వేసిన గారెకి చిల్లు పెద్దది" అనేవాడు. నవ్వులాటకు అంటున్నాడనుకుని కొత్తవాళ్ళు నవ్వేవారు. పాతవాళ్ళు తలొంచుకుని తినేవారు.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య సత్యలక్ష్మి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "ఈ పూట ఎవరు చెడగొట్టారు?" అని అడిగేది. అది వెటకారమని ఇరుగుపొరుగు వాళ్ళకి తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు. అరుగు మీద కూలబడి వివరంగా చెప్పేవాడు. ఒకరోజు కెమెరామన్, ఒకరోజు మేకప్‌మన్, మనుషులెవరూ దొరకని రోజున మబ్బు.

ఊరు రామచంద్రపురం దగ్గర. నాటకాల్లో మంత్రిగా, మామగారిగా, ఓడిపోయే సైన్యంలో సేనాపతిగా తిరిగి తిరిగి, మద్రాసు చేరి సినిమాల్లో తాతగా స్థిరపడ్డాడు. ఎనభైల చివర్లో ఒక్కో కంపెనీ హైదరాబాదుకు మకాం మారుస్తుంటే, ఆయనా సామాను లారీకెక్కించి వచ్చాడు. అప్పట్లో జూబ్లీ హిల్స్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. బండ పగలగొట్టిన చోటల్లా ఒక సినిమావాళ్ళ మేడ లేచేది, గోడల రంగు ఆరకముందే దాన్ని షూటింగులకు అద్దెకిచ్చేవారు. "ఈ రాళ్ళలోకి మనల్నెందుకు తోలారంటావ్? మద్రాసులో మన చోటు ఎవడికో కావలసొచ్చింది" అని సత్యలక్ష్మితో అనేవాడు. పరిశ్రమ మొత్తం కదిలి వచ్చిందండీ అని ఆవిడ అంటే, అదే కదా నాకు అనుమానం అనేవాడు. ఇలాంటి మనిషికి ఏం చెప్తారు?

అలాంటి మనిషి లోకంలో అనుమానించనిది ఒక్కణ్ణే. వాడు సుబ్రహ్మణ్యం. నాటకాల నాటి స్నేహితుడు. హైదరాబాదు వచ్చాక శ్రీనగర్ కాలనీలో ఇల్లు తీసుకున్నాడు. ఇద్దరికీ ఒకరినొకరు ఒరే కాశీ, ఒరే మణ్యం అనుకునే చనువు. నాటకాల్లో విశ్వనాథం యుద్ధంలో చచ్చిపడితే, అన్న వేషంలో సుబ్రహ్మణ్యం వచ్చి మీద పడి పద్యం ఎత్తుకునేవాడు. పద్యానికీ పద్యానికీ మధ్య, జనానికి వినపడకుండా, "ఒరే కాశీ, కాంట్రాక్టరు పంపిన పులిహోర హార్మోనిస్టు లాగించేస్తున్నాడురా, లేవరా" అని ఏడుపు గొంతుతోనే చెవిలో ఊదేవాడు. శవం పొట్ట కదిలేది. ముందు వరసలో ఆడవాళ్ళు ఇంకా ప్రాణం పోలేదు పాపం అని కళ్ళు తుడుచుకునేవారు.

సినిమాలో చావుకి ఒక పద్ధతుంది. పాడె మీద పడుకున్న నటుణ్ణి షాటు అయిపోగానే ఊరికే ఇంటికి పంపరు. లేపి కూర్చోబెట్టి, కెమెరా తిప్పి, ఏదీ, ఓసారి నవ్వండి అంటారు. ఆయన కెమెరా వంక చూసి నవ్వుతాడు. ఆ ముక్క సినిమాలోకి రాదు, ఎవరూ చూడరు, కానీ నవ్వు ఫిల్ము మీద పడాలి. పడితే చచ్చిన మనిషి మళ్ళీ బతికినట్టు. ఆ తర్వాతే కొబ్బరికాయ కొట్టి దిష్టి తీస్తారు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవని నవ్వి పోతారు. విశ్వనాథం మాత్రం వేషం మాట్లాడేటప్పుడే "నవ్వు షాటు ఉంటుందిగా?" అని అడిగి ఒప్పుకునేవాడు. మద్రాసులో ఒకసారి ఆ నవ్విన ఫిల్ము ల్యాబులో పాడైందని తెలిసి, జ్వరంతో వెళ్ళి మళ్ళీ నవ్వి వచ్చాడు.

తొంభయ్యో సంవత్సరంలో, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టుకు ఎగువన ఉన్న ఒక మేడలో ఆయన తాతగా చచ్చిపోయాడు. సుబ్రహ్మణ్యానిది తమ్ముడి వేషం. హాల్లో పాడె, చుట్టూ బంధువుల వేషాలు, కళ్ళలో గ్లిజరిన్, పైన వేడెక్కిన లైట్లు. హీరోగారికి సాయంత్రం విమానం ఉందని అందరూ హడావుడి పడుతున్నారు. యాక్షన్ అనగానే సుబ్రహ్మణ్యం పరుగున వచ్చి మీద పడ్డాడు. మాటలు తర్వాత ఎలాగూ డబ్బింగులో చెప్పుకుంటారు కనుక, ఆ ఏడుపులో ఏమన్నా పట్టించుకునేవాళ్ళుండరు. ఏడ్చి ఏడ్చి, చెవి దగ్గరికి వంగి, "ఒరే కాశీ, నీ కారియర్లో గారెలు మేకప్‌మన్ తినేస్తున్నాడురా. చిల్లులు మాత్రం నీకు ఉంచాడు" అన్నాడు.

విశ్వనాథం పళ్ళు బిగబట్టాడు, బొటనవేళ్ళు బిగబట్టాడు, లాభం లేకపోయింది. శవం ఫక్కున నవ్వింది.

డైరెక్టరు కట్ చెప్పి, టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "శవంగా పడుకోవడం కూడా చేతకాదా అండీ మీకు?" అన్నాడు, అందరి ముందూ. ఫిల్ము అయిపోయిందన్నారు. హీరోగారు వాచీ చూసుకుని కారెక్కారు. విశ్వనాథానికి ముఖం కందగడ్డ అయింది. పాడె మీదే లేచి కూర్చుని సుబ్రహ్మణ్యం వైపు వేలు చూపించి, "నాదేం లేదండీ, వీడే నవ్వించాడు" అన్నాడు. డైరెక్టరు ఆ క్షణమే సుబ్రహ్మణ్యాన్ని సినిమాలోంచి తీసేశాడు.

సుబ్రహ్మణ్యం కండువాతో గ్లిజరిన్ తుడుచుకుంటూ స్నేహితుణ్ణి చూశాడు. "పోనీలేరా. నవ్వావుగా, నాకదే చాలు" అన్నాడు, అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పేకప్ అన్నారు. నవ్వు షాటు తియ్యనేలేదు, కొబ్బరికాయ ఊసే లేదు. ఆ రోజు ఇంటికి వచ్చాక సత్యలక్ష్మి ఎవరు చెడగొట్టారని అడిగితే విశ్వనాథం నీళ్ళు తాగి గ్లాసు తిరిగిచ్చేశాడు. చెప్పాల్సిన పేరు నోటికి రాలేదు.

కానీ అనుమానం మొలిచాక ఊరుకుంటుందా? నెమ్మదిగా లెక్కలు కలవడం మొదలుపెట్టాయి. 'శవం నవ్విన షాటు' అంటూ కృష్ణానగర్ టీ బళ్ళ దగ్గర ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నారు, కొందరు నటించి చూపించారు కూడా. వ్యాన్లు రావడం తగ్గింది. ఖాళీ వ్యాను కూడా రాని రోజులొచ్చాయి. మరుసటి ఏడాది ఫిల్మ్ నగర్‌లో వేరే కంపెనీ సినిమాలో తండ్రి వేషం సుబ్రహ్మణ్యానికి వచ్చిందని తెలిసింది. అదిగో, అనుకున్నాడు విశ్వనాథం. నన్ను అందరి ముందూ వెధవని చేసి, నవ్వు షాటు కూడా లేకుండా చేసి, నా వేషం తను ఎగరేసుకుపోయాడు. నవ్వు పడని శవాన్ని నేను, ఇంక ఎవడు పిలుస్తాడు?

రోడ్డు మీద సుబ్రహ్మణ్యం ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. అసలు సంగతేమిటంటే, లోకంలో అందరినీ అనుమానించడం ఆయనకు అలవాటు, అందులో ఒక సుఖం కూడా ఉండేది. ఈ ఒక్కణ్ణి అనుమానించడంలో మాత్రం ఆ సుఖం లేదు. నలుగురూ నవ్వే మాట ఏదైనా తోస్తే చెప్పుకోవడానికి వాడు లేడు. వాడి మీద ఎంత కోపమో వాడు లేని లోటూ అంతే.

తొంభై ఆరులో ఒక ఉదయం వీరయ్య ఇంటికి వచ్చాడు. వెనకటి ఆ సినిమాకి ప్రొడక్షన్ మేనేజరు ఆయనే, ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. వేషం ఉందన్నాడు. విశ్వనాథం కాఫీ ఇప్పించకుండా, "ఇన్నాళ్ళకి నేనెందుకు గుర్తొచ్చాను?" అని అడిగాడు.

"ఒక్క రోజు పనేనండీ. చనిపోయిన తమ్ముడి మీద పడి ఏడవాలి. కుదిరితే మా తర్వాతి సినిమాలో తండ్రి వేషం మీకే. సినిమా అంతా ఉంటుంది. డైరెక్టరుగారు మాటిచ్చారు."

తండ్రి వేషం అన్న మాట వినగానే వంటింటి గుమ్మంలో సత్యలక్ష్మి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. విశ్వనాథం కళ్ళు చికిలించి అడిగాడు, "చచ్చేదెవరు?"

వీరయ్య కాస్త నసిగాడు. "సుబ్రహ్మణ్యం గారండీ. మీద పడి ఏడ్చేది కాశీ అయితేనే పడుకుంటానని పట్టుబట్టారు."

వీరయ్య వెళ్ళాక విశ్వనాథం గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాడు. ఏమిటి వాడి ఎత్తు? ఈసారి ఏడుపు చెడగొట్టి, ఉన్న ఆ కాస్త అవకాశం కూడా ఊడగొడతాడా? సత్యలక్ష్మి గరిటె పక్కన పెట్టి వచ్చింది. "ఆయనకి వచ్చే వారం గుండె ఆపరేషనంట. లీలాకుమారిగారు కూరల దగ్గర కనిపించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు" అంది. లీలాకుమారి సుబ్రహ్మణ్యం భార్య.

"అదీ నాటకమేమో" అన్నాడు విశ్వనాథం. ఆ మాటకు సత్యలక్ష్మి ఆయన్ని ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

షూటింగు సరిగ్గా ఆ వెనకటి మేడలోనే. చుట్టూ ఇప్పుడు బండరాళ్ళు లేవు, అన్నీ మేడలే, గేట్ల ముందు కార్లు, కార్లకి ఆనుకుని డ్రైవర్లు. అదే హాలు, అదే చోట పాడె. సుబ్రహ్మణ్యం కుర్చీలో కూర్చుని ముక్కులో దూది పెట్టించుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు, మెడ దగ్గర చర్మం వదులైంది. విశ్వనాథాన్ని చూసి తలాడించాడు. విశ్వనాథం చూడనట్టు బయటకు వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. చిక్కిన మాట నిజమే, మేకప్పు కాదు. అది చూసి మనసు కలుక్కుమంది, కలుక్కుమన్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

లైట్లు సర్దుతున్న బాలనర్సయ్య చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. వెనకటి రోజున కూడా లైట్ల దగ్గర ఉన్నది ఆయనే. "మంచిగున్నరా సార్? గీడనే కద శవం నవ్వింది. గది ఎట్ల మర్శిపోతం" అన్నాడు.

"నవ్వుకోండి నాయనా. నవ్వు షాటు కూడా తియ్యకుండా పంపేశారు నన్ను. ఎవడి పుణ్యమో నీకు తెలియనిదా."

"తియ్యకుండ పంపుడేంది సార్? మీరు నవ్వినప్పుడు కెమెరా తిరుగుతనే ఉండె కద. నవ్వు పడ్డది."

విశ్వనాథం తలెత్తాడు. బాలనర్సయ్య బీడీ వెలిగించుకుని, అందరికీ తెలిసిన ముచ్చటే అన్నట్టు చెప్పుకుపోయాడు. "గా దినం ఫిల్మే లేకుండె సార్. గొక్క షాటుకే ఉన్నది. నవ్వు షాటు లేదు, గివ్వు షాటు లేదు, అయిపోంగనె పేకప్ జెయ్యిండ్రని వీరయ్య సార్ మాతోని అంటుంటె సుబ్రమణ్యం సార్ ఇన్నడు. మా కాశీకి నవ్వు పడకుంటె నిద్ర గూడ రాదు, ఫికర్ తోనే సగం జస్తడు, షాటులనే ఎట్లన్న జేసి నవ్వియ్యాలె అన్నడు. నా పక్కనే అన్నడు. మీకు ఎరుకనే అనుకున్న."

విశ్వనాథం ఆయన ముఖంలోకి చూశాడు. ఈ మాట నాతో చెప్పమని ఇతన్ని ఎవరు పంపారు అన్నది మొదట వచ్చిన ఆలోచన. వెతికాడు. ఎవరూ దొరకలేదు. లైట్లు మోసుకునే మనిషికి తనతో అబద్ధం చెప్తే వచ్చేదేముంది? బాలనర్సయ్యను లోపల్నుంచి ఎవరో కేకేస్తే వెళ్ళిపోయాడు. విశ్వనాథం మెట్ల మీదే ఉండిపోయాడు. నవ్వావుగా, నాకదే చాలు. ఇన్నేళ్ళూ ఆ మాటను ఎకసెక్కెం అనుకున్నాడు. వాడు మామూలుగా, ఉన్నదున్నట్టే చెప్పాడు. తను వేలు చూపించి వాడి పొట్ట కొట్టిన మరుక్షణం కూడా అదే చెప్పాడు. సిగ్గుతో విశ్వనాథానికి చెవులు మండిపోయాయి. మీద పడి ఏడ్చేది కాశీయే కావాలని వాడెందుకు పట్టుబట్టాడో కూడా అప్పుడు అర్థమైంది. వచ్చే వారం ఆపరేషను బల్ల ఎక్కబోతున్నవాడు ఈ రోజు పాడె ఎక్కుతున్నాడు, వాడికీ నవ్వు పడాలి.

లేచి డైరెక్టరు దగ్గరకు వెళ్ళాడు. కుర్రాడే, జేబులో నల్లకళ్ళద్దాలు. "బాబూ, షాటు అయ్యాక సుబ్రహ్మణ్యంతో చిన్న నవ్వు షాటు తీయించండి. ఒంట్లో బాగోలేని మనిషి" అన్నాడు.

"అలాంటి సెంటిమెంట్స్ మన యూనిట్లో లేవు సర్. ఇది అవగానే గార్డెన్లో సాంగ్. టైమ్ లేదు."

కెమెరామన్ వైపు చూస్తే ఆయన ముఖం తిప్పుకున్నాడు. వీరయ్య చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "తండ్రి వేషం అండీ. గుర్తుపెట్టుకోండి. ఈ ఒక్క షాటు బాగా ఏడవండి చాలు" అన్నాడు గొంతు తగ్గించి.

సుబ్రహ్మణ్యాన్ని పాడె మీద పడుకోబెట్టారు. దండ వేశారు. యాక్షన్ అన్నారు. విశ్వనాథం వెళ్ళి వాడి ఛాతీ మీద పడ్డాడు. గ్లిజరిన్ పనే లేకపోయింది, ఏడుపు దానంతటదే తన్నుకొచ్చింది. కెమెరా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంత బాగా ఆయన ఎప్పుడూ ఏడవలేదు, డైరెక్టరు కళ్ళు చెదిరి చూస్తున్నాడు. తండ్రి వేషం ఖాయమైపోయిందని విశ్వనాథానికి ఆ ఏడుపులోనే తెలిసింది. ఇంకాస్త ఏడ్చి ఊరుకుంటే చాలు.

చెవి దగ్గరికి వంగాడు. "ఒరే మణ్యం, నీ గారెలు మేకప్‌మన్ తినేస్తున్నాడురా. చిల్లులే ఉంచాడు."

సుబ్రహ్మణ్యం కదల్లేదు. చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా ఉంది. పొట్ట కదుల్తోందా? లేదా? ముక్కులో దూది, దండ కింద ఛాతీ, ఏదీ తెలియడం లేదు. వీడు నిజంగానే పోయాడా? జన్మలో పడ్డ అనుమానాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. వాడి చెంపకి చెంప ఆనించి అన్నాడు.

"ఒరే మణ్యం, నాకు నీ మీద అనుమానంగా ఉందిరా. నిజంగా పోయావా, నా తండ్రి వేషం కొట్టెయ్యడానికి నటిస్తున్నావా?"

ముందు పొట్ట కదిలింది. తర్వాత దండ కదిలింది. ఆ తర్వాత ముక్కులో దూది ఎగిరి వచ్చి విశ్వనాథం చొక్కా మీద పడింది. సుబ్రహ్మణ్యం పాడె మీద ముడుచుకుపోయి, కెమెరా వైపు తిరిగి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. పైన లైట్ల దగ్గర బాలనర్సయ్య కూడా నవ్వాడు.

కట్ అన్నారు. డైరెక్టరు ఇంకా నోరు విప్పకముందే విశ్వనాథం లేచి నిలబడి, "ఆయనది తప్పు కాదండీ. నవ్వించింది నేను" అన్నాడు. డైరెక్టరు ఎర్రగా చూసి, వీరయ్య వైపు తిరిగి, "ఈయన్ని పంపించెయ్యండి. ఇంకెప్పుడూ పిలవద్దు" అన్నాడు. వీరయ్య తల పట్టుకున్నాడు.

విశ్వనాథం మెల్లగా కెమెరామన్‌ను అడిగాడు, "నవ్వు పడిందా బాబూ?" పడిందన్నట్టు ఆయన తలూపాడు.

సుబ్రహ్మణ్యం పాడె మీదే కూర్చుని రొప్పుతున్నాడు. "అంతసేపు ఏడ్చావేంరా? వచ్చిన పని మర్చిపోయావేమోనని హడలి చచ్చాను" అన్నాడు.

"గారెల మాటకే నవ్వి ఉండొచ్చుగా."

"అది పాతదిరా."

కంపెనీ వ్యాను విశ్వనాథాన్ని దింపనంది. చెక్‌పోస్టు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కి యూసుఫ్‌గూడ వచ్చాడు. సత్యలక్ష్మి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. ఇంత పొద్దుండగానే వచ్చిన మనిషిని చూసి సంగతి అర్థమైంది. అలవాటు ప్రకారం గ్లాసు చేతికిచ్చింది కానీ, ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఎవరు చెడగొట్టారండీ?"

విశ్వనాథం నీళ్ళన్నీ తాగి, గ్లాసు కింద పెట్టి, చొక్కాకి ఇంకా అంటుకుని ఉన్న దూది తీసి చూసుకున్నాడు.

"నేనే" అన్నాడు.